ఏటికి ఇవతల పెళ్లి, అవతల పెళ్లివారు

నా పెళ్లి మగపెళ్లివారింట్లో జరగాలి. మా శ్రీకాకుళం వైపు వాళ్లకి అదే ఆనవాయితీ. తాతలు సముద్రం దాటి అండమాన్ వచ్చి స్థిరపడినా, మా ఇళ్లలో సగం మాటలు హిందీలోకి మారిపోయినా, ఆ ఒక్క ఆనవాయితీ మాత్రం చెక్కుచెదరలేదు. అందుకని ఆ వైశాఖంలో పోర్ట్ బ్లెయిర్‌లోని మా జంగ్లీఘాట్ నుంచి ఒక బస్సు మాట్లాడుకుని, చుట్టాలనీ చీరలనీ ఐసు పెట్టెల్లో చేపల్నీ ఎక్కించుకుని, ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ ఏటి ఒడ్డున ఉన్న ఒక పల్లెకి బయల్దేరాం.

ఎండలు అప్పటికే ముదిరిపోయాయి. మా వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజు బిందెల వరస మలుపు దాకా ఉండేది. ఆ వరసలో నిలబడే ఆడవాళ్లందరికీ నా మీద కొంచెం అసూయ. "ఏరున్న ఊరికి కోడలివై ఎల్తన్నావు, నీకేటే!" అనేవారు. నాకూ లోపల అదే సంబరం. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన నీళ్లు రెండే రకాలు. తాగడానికి చాలని కుళాయి నీళ్లు, తాగడానికి పనికిరాని సముద్రం. తియ్యటి నీళ్లు ఎవరూ తిప్పకుండానే రాత్రింబవళ్లు పారతాయంటే వినడానికే గమ్మత్తుగా ఉండేది.

పెళ్లికొడుకు కరెంటు లైన్‌మన్. ఆయన్ని నేను మొదటిసారి చూసింది బతు బస్తీలో, నేను పనిచేసే మందుల దుకాణంలో. ఏదో ట్రైనింగ్ అని పోర్ట్ బ్లెయిర్ వచ్చి, చేతికి తీగ గీసుకుంటే మందు కోసం వచ్చారు. నేను తలెత్తకుండానే "భయ్యా, క్యా చాహియే?" అన్నాను. మా దీవుల్లో మగవాళ్లందరూ భయ్యాలే కదా. ఆయన చేతి గీత చూపించి, "మందు కావాల. గానీ మీరు భయ్యా అనీసినారు, అది నాకు బాగోనేదు" అన్నారు తెలుగులో. నేను బిత్తరపోయి చూశాను. ఆ తర్వాత ఆ మనిషికి లేని తలనొప్పి లేదు, రాని జలుబు లేదు. ట్రైనింగ్ అయ్యేలోపు దుకాణంలో సగం మాత్రలు కొనేశారు. చివరికి ఆ వీధిలోనే ఉన్న వాళ్ల పిన్ని మా ఇంటికి వచ్చి సంబంధం కలిపింది.

బస్సులో ముందు సీటు మా అమ్మమ్మది. చిన్నపిల్లగా కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. వక్క దవడన పెట్టుకుంటే ఇక లోకానికి తనే పెద్ద. ఆవిడ వెనక అమ్మ, ఒళ్లో పెళ్లిచీర పెట్టె. ఆ పెట్టెకి పైన ఒక ప్లాస్టిక్ సంచీ, దానిపైన ఇంకో ప్లాస్టిక్ సంచీ. చేపల పెట్టెల పక్కన నాన్న. నాన్నది వేట. వియ్యాలవారి విందుకి తన చేత్తో పట్టిన సురమై, అదే వంజరం, చేపలే వండాలని పంతం పట్టి, వేట దొరికేదాకా రెండు రాత్రులు సముద్రం మీదే ఉండి వచ్చాడు. దారిపొడుగునా ఐసు కరుగుతోందా అని మూతలు ఎత్తి చూసుకుంటూనే ఉన్నాడు.

నేను ఏటి మాట ఎత్తినప్పుడల్లా నాన్న నవ్వేవాడు. "ఏరంటే ఏటే? సముద్రంలోకి పోయే కాలవ. అంతే గదా!"

మాయాబందర్‌లో నాన్న స్నేహితుడి ఇంట్లో ఆ రాత్రి ఆగాం. పొద్దున్న బస్సెక్కేసరికి ఆకాశం రంగు మారింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఎవరి ఫోన్లోనో వార్త వినిపించింది గానీ, పెళ్లికి వెళ్లేవాళ్ల చెవికి అలాంటివి ఎక్కవు. కొంతదూరం పోయాక కిటికీ అద్దం మీద టప్‌మని ఒక చినుకు పడింది. తర్వాత పది. ఆ తర్వాత కొండ వెనకనుంచి ఎవరో గుండిగ బోర్లించినట్టు కురిసింది.

నెలల తరబడి బిందెల వరసలో నిలబడ్డవాళ్లం. మాకు వాన కనిపిస్తే ఆగుతామా! డ్రైవరు కిటికీలు మూసుకోమంటే మేం తెరిచాం. బస్సు ఆపమని గోల చేశాం. ఆపగానే పిన్నీ, పెద్దమ్మ కూతుళ్లూ, నేనూ దూకి రోడ్డు మీద గంతులేశాం. అమ్మ "ఒలే, పెళ్లికూతురివే! జలుబు సేస్తాదే!" అని అరుస్తూనే ఉంది. అమ్మమ్మ కూర్చున్నచోటినుంచే కిటికీలోంచి దోసిలి బయటికి చాపి, నిండిన నీళ్లు మొహాన కొట్టుకుని, మళ్లీ చాపింది. డ్రైవరు మాత్రం కొండల వైపు చూసి తల ఊపుతూ, "దీదీ, చలో చలో, ఆగే నాలా హై" అని తొందరపెట్టాడు. ముందర వాగులు దాటాలి, నీళ్లొస్తే ఇరుక్కుపోతాం అని ఆయన భయం. ఆ మాటకి కూడా మేం నవ్వాం. నీళ్లొస్తాయని భయపడే మనిషిని మేం ఎప్పుడూ చూడలేదు మరి.

మధ్యాహ్నానికి ఆ పల్లె దగ్గరికి చేరాం. అప్పటికి గాలి కూడా లేచింది. పోకచెట్లు విల్లులా వంగి లేస్తున్నాయి. రోడ్డు ఒక బడి పక్కనుంచి దిగి ఏటి మీది చిన్న వంతెనకి పోవాలి. బస్సు మలుపు తిరిగి టక్కున ఆగింది. వంతెన లేదు. అంటే ఉందట, నీళ్ల కింద ఉందట.

నేను కలలు కన్న ఏరు అది! గోధుమరంగు నీళ్లు, ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా, హోరుమని. ఆ నీళ్లలో అరటిబోదెలు, తాటాకు తడికలు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నిటారుగా, కనబడని మనిషిని కూర్చోబెట్టుకున్నట్టు పోతున్నాయి. మేమంతా బస్సు దిగి గట్టు మీద వరసగా నిలబడి నోళ్లు తెరిచాం. అటు గట్టు మీద కూడా అలాగే ఒక వరస, గొడుగులతో. వాళ్లే మా వియ్యాలవారు. వాళ్ల వెనక కొబ్బరాకుల పందిరి ఒకవైపు ఒరిగిపోయి కనిపిస్తోంది.

ఊళ్లో కరెంటు పోయింది, దానితో ఫోన్లకి సిగ్నలూ పోయింది. ఇక మిగిలింది గొంతులే. గొడుగుల మధ్యనుంచి మా అత్తగారు ముందుకొచ్చారు. గట్టి మనిషి. పొలం, పోకతోట, ఇల్లు అన్నీ ఆవిడ చేతిమీదే నడుస్తాయని విన్నాను. ఇటునుంచి అమ్మమ్మ ముందుకెళ్లింది.

"వియ్యపురాలా! వొచ్చీసినాం!" అంది అమ్మమ్మ.

"సూస్తన్నాం! ఎలా దాటుతారు?"

"దాటడం సంగతి తరవాత! పసుపు దంచీసినారా?"

"పశువులా? అన్నిటినీ కొండెక్కించీసినాం!"

అమ్మమ్మ మా వైపు తిరిగి, "పసుపు కొండెక్కించడవేటే? ఇక్కడ పద్ధతులు ఏరేలాగున్నాయి" అంది. మేం నవ్వలేక పొట్టలు పట్టుకున్నాం. అవతలివాళ్లకి మేం ఎందుకు నవ్వుతున్నామో తెలియలేదు. వాళ్లూ నవ్వడం మొదలుపెట్టారు.

"పెళ్లికొడుకెలాగున్నాడు?" అని అమ్మమ్మ మళ్లీ అరిచింది.

అవతల నవ్వులు ఆగిపోయాయి. అత్తగారు చెయ్యెత్తి మా వైపే చూపించారు. మేమంతా వెనక్కి తిరిగాం. బడి వెనక, రోడ్డు మలుపులో, కరెంటు స్తంభం మీద ఒక మనిషి వేలాడుతూ ఉన్నాడు. తడిసి ముద్దయిన చొక్కా. మోచేతుల దాకా, మెడనిండా పచ్చటి పసుపు. ఆ పసుపు వానకి కారి, స్తంభం పొడుగునా చారలు కట్టింది.

జరిగిందేమిటంటే, ఆ పొద్దున్న ఆయనకి నలుగు పెట్టారు. పీటమీంచి లేచేలోపే కబురొచ్చింది. గాలికి ఏటి ఇవతల లైను తెగి ఆసుపత్రికి కరెంటు పోయిందనీ, ఎవరో ఆడమనిషి నొప్పులు పడుతోందనీ, మిగతా లైన్‌మన్లు ఎక్కడెక్కడో చిక్కుకుపోయారనీ. "ఒక్క గంటలో వొచ్చీస్తాను" అని నలుగు పసుపుతోనే వంతెన దాటి వచ్చేశారు. లైను కలిపారు. ఆసుపత్రికి కరెంటు వచ్చింది. కాన్పు కూడా అయింది, ఆడపిల్ల. కానీ ఈలోపు వంతెన మునిగిపోయింది. ఖాళీగా కూర్చోలేక, పడిపోతున్న ఇంకో తీగని ఊడదీయడానికి స్తంభం ఎక్కారు.

పైనుంచి ఆయన నన్ను చూశారు. నేను తడిసిన జడతో, మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఉన్నాను. పెళ్లికి ముందురోజు అబ్బాయీ అమ్మాయీ ఒకరినొకరు చూసుకోకూడదు. అది కూడా మా ఆనవాయితీయే.

"భయ్యా!" అని అరిచాను నేను, ఆపుకోలేక. "నీచే ఆవో!"

కిందికి దిగమన్న ఆ పిలుపుకి స్తంభం మీది మనిషి పగలబడి నవ్వారు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది. ఆ వాన, ఆ హోరు, ఆ మునిగిపోయిన వంతెన అన్నీ మా ఇద్దరి కోసమే ఎవరో సరదాగా చేసినట్టనిపించింది. అమ్మమ్మ నా చెవి మెలిపెట్టి బస్సు వెనక్కి లాక్కుపోయింది.

నాన్న ఒక్కడే ఈ నవ్వుల్లో కలవలేదు. ఆయన మనసంతా చేపల మీద ఉంది. ఐసు సగం కరిగిపోయింది. అటు గట్టుకి చేపలు చేరితేనే గాని విందు లేదు. బడి దగ్గర ఒక బెంగాలీ దాదా పడవ కట్టేసి ఉంది. మా దీవుల్లో చిన్న పడవని డుంగీ అంటాం. నాన్న దాన్ని అడిగి తీసుకున్నాడు. నీళ్ల జోరు చూసి దాదా వద్దంటూనే ఉన్నాడు, "బహుత్ తేజ్ హై, మత్ జావో" అని. నాన్న వినలేదు.

"నేను సునామీలోంచి బోటు తెచ్చుకున్నోణ్ని. ఈ కాలవేటి నన్ను సేసేది?"

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. చేపలు వద్దు, ముందు ఖాళీగా వెళ్లి చూసి వస్తానని నాన్న నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొస మా మావయ్యల చేతికిచ్చి, డుంగీ ఎక్కి తెడ్డు వేశాడు. ఒక్క తెడ్డే. రెండోది వేసేలోపు పడవ గిర్రున తిరిగి, మూతి అటు కాకుండా దిగువకి పెట్టి పరుగెత్తింది. తాడు చేతుల్లోంచి జారిపోయి మావయ్యలు బురదలో బోర్లాపడ్డారు. అమ్మ కేక నాకు ఇప్పటికీ గుర్తే. మేమంతా గట్టు వెంట పరుగెత్తాం, అవతలి గట్టున వాళ్లూ పరుగెత్తారు. పెళ్లీ వద్దు, ఏరూ వద్దు, నాన్న ఉంటే చాలని మొక్కుకున్నాను.

కొంత దిగువన ఏరు పొర్లి ఒక పోకతోటలోకి ఎక్కింది. డుంగీ ఆ చెట్ల మధ్యకి దూరి ఇరుక్కుంది. మేం చేరేసరికి నాన్న ఒక పోకచెట్టుని రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉన్నాడు, నడుం లోతు నీళ్లలో. లైన్‌మన్ గారు అప్పటికే స్తంభం దిగి మాకంటే ముందు పరుగెత్తి, తన తాడు ఆ చెట్టుకి విసిరారు. నాన్న దాన్ని పట్టుకుని ఒక్కో చెట్టే దాటుకుంటూ ఒడ్డుకొచ్చాడు. కాబోయే అల్లుడి భుజం పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు.

"సముద్రం తోస్తాది, మళ్లీ లాగుతాది," అన్నాడు నాన్న, ఊపిరి అందాక. "మనకి కొంత టైం ఇస్తాది. ఇది ఒక్కేపుకే ఈడ్సుకుపోతాదిరా బాబూ! దీనికి మర్యాద నేదు."

అల్లుడు "అవును మావా" అన్నారు. నాన్నని ఆయన మావా అనడం అదే మొదలు. అమ్మ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో నాన్నని ఎడాపెడా కొట్టింది. ఆ తర్వాత మొదలైన నవ్వు బడి చేరేదాకా ఆగలేదు.

ఆ రాత్రి బడిలోనే. ఏటి పక్క ఇళ్లలోని బెంగాలీ కుటుంబాలు కూడా మూటలతో, మేకలతో అక్కడికే చేరాయి. అమ్మమ్మ ఒక గది మధ్యన దుప్పటి కట్టి, పెళ్లికొడుకుని అటు, నన్ను ఇటు ఉంచి, మధ్యలో తాను పడుకుంది. కాసేపటికి దుప్పటి అవతలనుంచి "తలనొప్పిగా ఉంది, మాత్ర ఉందేటి?" అని మెల్లగా వినిపించింది. నేను దిండులో మొహం దాచుకున్నాను. "గుర్రుపెట్టి పడుకో నాయినా" అంది అమ్మమ్మ.

తెల్లారేసరికి వాన సన్నబడింది గానీ ఏరు తగ్గలేదు. ముహూర్తం మాత్రం ఎవరికోసమూ ఆగదు కదా. మళ్లీ రెండు గట్ల మీదా రెండు వరసలు. ఈసారి అవతల పురోహితుడు కూడా ఉన్నాడు. పంచాయతీ వాళ్లు తుపాను హెచ్చరికలు చెప్పే చేతి మైకు ఆయన చేతిలో ఉంది. ఆయన మాట్లాడబోయి ఏ మీట నొక్కాడో, పెద్ద సైరన్ మోగింది. బడిలోని మేకలన్నీ ఒక్కసారిగా బయటికి పరుగెత్తాయి.

మేకల్ని పట్టి తెచ్చాక పురోహితుడు చెప్పిందేమిటంటే, ఈ ముహూర్తం దాటితే మళ్లీ మంచిది చాలా దూరంలో ఉందని. అత్తగారు మైకు లాక్కున్నారు. "నా ఇంటి పెళ్లి నా ఇంట్లోనే అవ్వాల! ఒక్కగానొక్క కొడుకు. పందిరి ఇక్కడ, తాళి ఇక్కడ, సన్నాయి ఇక్కడ. ఎలాగవుతాది? ఆపీండి!"

ఆ గొంతులో కోపం కన్నా ఎక్కువ ఏడుపే వినిపించింది. అప్పుడు పెళ్లికొడుకు ముందుకెళ్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచారు.

"అమ్మా! నిన్నట్నుంచి తడుస్తన్నాను! నువ్వు పెట్టిన పసుపంతా కారిపోనాది! ఇంకొక్కరోజు ఆగితే మళ్లీ మొదట్నుంచీ నలుగెట్టాల! నావల్ల కాదే!"

మొదట అవతలి గట్టు నవ్వింది, తర్వాత మా గట్టు. అత్తగారు మైకు నోటిదగ్గరే పెట్టుకుని నవ్వేసరికి ఆ నవ్వు ఏరంతా వినిపించింది. నవ్వయ్యాక ఆవిడ, "సరే, సెయ్యండి. కానీ గట్టుమీదే సెయ్యండి. నా కళ్లకి కనిపించాల. పిల్లకి గొడుగు పట్టకండి, మొహం కనిపించాల!" అన్నారు.

ఇక చూడాలి ఆ హడావిడి! దాదా భార్యని మేం బౌదీ అన్నాం, బెంగాలీలో వదిన అని. ఆవిడ ఊరి ఆడవాళ్లందరినీ కేకేసింది. మా పెళ్లిసామానంతా అవతలే ఉండిపోతే ఆ ఆడవాళ్లు తమ వంటిళ్లలోంచి పసుపు తెచ్చారు, జీలకర్ర తెచ్చారు, తాటిబెల్లం తెచ్చారు, తలంబ్రాలకి బియ్యం తెచ్చారు. మంగళసూత్రం అవతల ఉందంటే అమ్మమ్మ అసలు కంగారుపడలేదు. దారానికి పసుపు రాసి, దానికో పసుపుకొమ్ము కట్టింది. "ఇంతకన్నా పాత తాళి లోకంలో ఎక్కడుందే?" అంది. కొబ్బరాకు చీల్చి భాసికాలు అల్లింది. హోమానికి బౌదీ తన మట్టి పొయ్యినే నిప్పుతో సహా రెండు చేతులా మోసుకొచ్చింది.

అమ్మ ప్లాస్టిక్ సంచులు ఒకదాని తర్వాత ఒకటి విప్పి పెళ్లిచీర తీసింది. దాని మీద చుక్క తడి లేదు. ఆ ఊరు మొత్తంలో పొడిగా ఉన్నది అదొక్కటే అయ్యుండాలి. పెళ్లికొడుకు బట్టలు అవతల. దాదా ధోతీ కట్టారు, పైన నాన్న కండువా. చెప్పులు ఏట్లో పోయాయి గనక కాళ్లకి డ్యూటీ గమ్‌బూట్లు. పీటల మీద కూర్చునేటప్పుడు విప్పమంటే విప్పారు గానీ, ఏడడుగులప్పుడు గట్టు జారుతోందని మళ్లీ తొడుక్కున్నారు. అందుకే మా పెళ్లి ఫోటోలో అందరికీ మొదట కనిపించేది ఆ బూట్లే.

పురోహితుడు అవతల మైకులో మంత్రాలు చదివాడు. గాలి వీచినప్పుడు సగం వినిపించేవి, సగం ఎటో ఎగిరిపోయేవి. ఇటు ఎప్పుడు ఏం చెయ్యాలో అమ్మమ్మ చెప్పేది. "జీలకర్ర బెల్లం" అని మైకు అంటే మేం ఒకరి తల మీద ఒకరం చేతులు పెట్టుకున్నాం. తాటిబెల్లం కరిగి నా నుదుటి మీదికి కారింది. ఆయన తుడవబోతే అమ్మమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "మాంగల్యధారణ" అన్న మాట అదృష్టవశాత్తూ గాలి ఆగిన క్షణంలో పడి, స్పష్టంగా వచ్చింది. ఆయన వేళ్లు చలికి కొయ్యబారి, ముడి పడడం లేదు. "స్తంభానికి కట్టడం కాదు, నెమ్మదిగా కట్టండి" అన్నాను తలొంచుకునే. ముడి పడింది.

అవతల సన్నాయి, డోళ్లు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. ఇవతల బౌదీ వాళ్లు శంఖాలు ఊదారు, నాలుకలు ఆడిస్తూ ఉలూ ధ్వని చేశారు. మా పిన్నీ పెద్దమ్మలకి అది రాదు. అయినా ప్రయత్నించి, రాక, నవ్వడం మాత్రం బాగా చేశారు. అత్తగారు పళ్లెంనిండా అక్షింతలు తీసుకుని మా వైపు విసిరారు. అవి ఏట్లోనే పడ్డాయి. ఆవిడ ఆగలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా విసురుతూనే ఉన్నారు. నేను అక్కడినుంచే రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాను. ఆవిడ కొంగు కళ్లకి అద్దుకోవడం కనిపించింది. ఏదో అన్నారు కూడా. ఏటి హోరులో వినిపించలేదు, మైకు అప్పుడు పురోహితుడి దగ్గర ఉంది.

విందుకి నాన్న చేపలు దక్కాయి. బౌదీ వాళ్లు పెద్ద డేగిశాలో కిచిడీ వండారు. సురమై ముక్కల్ని ఆవనూనెలో వేయించాలని వాళ్లూ, చింతపండు పులుసు పెట్టాలని అమ్మమ్మా కాసేపు వాదులాడుకుని, చివరికి రెండూ చేశారు. బడి వరండాలో బస్సు డ్రైవరూ, కాన్పు చేసిన ఆసుపత్రి నర్సూ, దిక్కుతోచక ఆగిపోయిన లారీ వాళ్లూ అందరూ వరసగా కూర్చుని తిన్నారు. కంచాలు చాలక అరిటాకులు కోసుకొచ్చారు, ఏరు తెచ్చి గట్టున పడేసిన అరటిచెట్ల నుంచే. నాన్న చేపముక్కలు వడ్డిస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పోకచెట్టు కథ కొత్తగా చెప్పాడు. ఒక్కో ఆకు దగ్గరా ఏరు కొంచెం వెడల్పయింది.

అవతలి గట్టున మా అత్తవారు కూడా పొగ రాజేసి, తాము వండుకున్న విందు తామే తిన్నారు. మధ్యమధ్యలో గిన్నె ఎత్తి మాకు చూపించేవారు. మేమూ ఎత్తి చూపించేవాళ్లం.

మర్నాటికి ఎండొచ్చింది. ఏరు చూస్తూ చూస్తూ ఉండగానే తగ్గింది. ముందు వంతెన కమ్మీలు, తర్వాత వంతెన బయటపడ్డాయి. దానిమీద ఒక చెట్టు అడ్డంగా పడి ఉంటే మగవాళ్లు నరికి తోసేశారు. అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అందరిముందూ, అమ్మమ్మ చూస్తుండగానే. ఇద్దరం బురద వంతెన మీద నడిచి అవతలికి వెళ్లాం.

అత్తగారు హారతి పళ్లెంతో ఎదురొచ్చారు. దగ్గరనుంచి చూస్తే ఆవిడ నేననుకున్నంత పెద్ద మనిషి కాదు. నా మెడలో పసుపుకొమ్ము వేళ్లతో ఎత్తి చూసి, "ఇది తియ్యకు. నేనిచ్చే పుస్తెలు పక్కనే గుచ్చుకో" అన్నారు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి మాట సగమే వస్తోంది. నా గొంతూ అంతే. ఇద్దరం గుసగుసలాడుకుంటున్నట్టు ఉండేసరికి చుట్టూ ఉన్నవాళ్లు, అత్తాకోడళ్లకి అప్పుడే రహస్యాలా అని నవ్వారు.

ఇల్లు చూస్తే మాత్రం నవ్వు రాలేదు. గట్టు వెనక పల్లంలో ఉందేమో మాకు కనబడలేదు గానీ, పెళ్లికి ముందు రాత్రే ఏరు వంటింట్లోంచి వచ్చి వాకిట్లోంచి వెళ్లిందట. కూరగాయల మడులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కోళ్లు సగం లేవు. పోకచెట్లు చాలా విరిగిపోయాయి. పందిరి ఒక మూల కుప్పలా పడి ఉంది. నేల మీద పాదం మునిగేంత మెత్తటి ఒండ్రు. కొత్తకోడలు కుడికాలు పెట్టి లోపలికి రావాలన్నారు. పెట్టాను. ఆ కాలు జర్రున జారింది. పడకుండా అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడా జారారు. ఇద్దరం గడప లోపల, పట్టుచీరలతో సహా, ఆ బురదలో కూర్చుండిపోయాం.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నా చీరకేసి చూశారు. తన చీరకేసి చూసుకున్నారు. చుట్టూ గోడల మీద నడుం ఎత్తున గీసినట్టున్న నీటి చారకేసి చూశారు. తర్వాత, బొంగురు గొంతుతోనే, "ఎలాగూ కడగాల్సిందే గదే" అన్నారు. ముందు నవ్విందెవరో నాకు గుర్తు లేదు. లేవబోతే మళ్లీ జారాం. లేపడానికి వచ్చిన ఆయన కూడా జారారు, ఆ గమ్‌బూట్లతోనే.

ఆ సాయంత్రందాకా ఇల్లు కడిగాం. మా బస్సువాళ్లూ, వియ్యాలవారూ, వంతెన దాటి వచ్చిన బౌదీ వాళ్లూ అందరూ. పోకమట్టలతో బురద తోడి బయట పోశాం. ఏటినుంచి నీళ్లు ఎవరు మోయాలన్న ప్రశ్నే రాలేదు, బిందెలు మొదట నా చేతికే వచ్చాయి. నాన్న గోడలు రుద్దాడు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, ఎక్కడ ఇంకా మట్టి ఉందో వేలుపెట్టి చూపించింది. పొద్దు వాలేసరికి వంటింటి నేల తేరింది. అత్తగారు పొయ్యి వెలిగించి, అందరికీ టీ పెట్టి, మొదటి గ్లాసు నాకిచ్చారు.